డెక్కు కింది తడి



సముద్రం లేని జిల్లాల్లో పడవలు ఎక్కువ కాలం బతుకుతాయని మనవాళ్లకు ఒక నమ్మకం. ఉప్పునీరు లేదు, ఉప్పుగాలి లేదు, ఇంక బోటుకు ఏమవుతుంది అనుకుంటాం. ఇంజను, బోల్టులు, ఇనుప సామాను మట్టుకు అది నిజమే. ఫైబర్ బోటు పైనేల, అంటే డెక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతుంది. డెక్కును పాడుచేసేది కింద ఉన్న నీరు కాదు, పైనుంచి పడి నిలిచిన వాననీరు. చెక్కను తినే బూజుకు ఉప్పంటే పడదు, మంచినీళ్లంటే ప్రాణం. అందుకని కాకినాడ రేవులో తిరిగే బోటు కంటే, దిగువ మానేరు ఒడ్డున టార్పాలిన్ కూడా కప్పకుండా రెండు వానకాలాలు వదిలేసిన బోటుకే డెక్కు ముందు మెత్తబడితే ఆశ్చర్యపోయే పని లేదు.

మన ఉత్తర తెలంగాణ వైపు ఫైబర్ బోట్లు ఎన్నున్నాయని ఇంత మాట అనొచ్చు. ఉన్నాయి. కరీంనగర్ పక్కనే దిగువ మానేరు జలాశయం ఉంది. 1974లో పని మొదలై 1985లో పూర్తయిన ఈ డ్యాంలో 24 టీఎంసీల నీరు పడుతుంది. సాయంత్రం కట్ట మీదికి వచ్చేవాళ్లను తిప్పే బోట్లు అక్కడ ఉంటాయి. నిర్మల్ జిల్లాలో కడెం ఉంది. ఇటు మధ్య మానేరు, శ్రీపాద ఎల్లంపల్లి, అటు పోచంపాడు జలాశయాలు ఉన్నాయి. చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు ఇప్పటికీ ఎక్కువగా తెప్పలమీదే వల వేస్తారు, థర్మకోల్ తెప్పలు కూడా వాడతారు. జనాన్ని ఎక్కించుకునే బోటు మాత్రం ఈ రోజుల్లో చాలాచోట్ల ఫైబర్‌దే. కొన్న కొత్తలో తళతళలాడుతుంది. ఏళ్లు గడిచాక పైన నెరియలు, అడుగేస్తే కొంచెం కిందికి దిగే నేల, వాటి మీద ప్రతి ఏడూ ఒక పూత నీలం రంగు. ఈ రంగు పూతల సంగతే ఇవాళ మాట్లాడదామనుకున్నాను. ఎందుకంటే చాలా బోట్లకు రోగం ముదిరేది ఆ పూతల కిందే.

పాత నావల్లో ఈ దాపరికం లేదు. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన పడకముందు అవతల సిరోంచకు పోవాలంటే నావే దిక్కు. చెక్క నావకు పలకల సందులో నీరు ఊరితే నావ నడిపేవాడికి ఆ పూటే తెలిసిపోయేది. ఒడ్డుకు లాగి, సందులో పీచు కుక్కి, గుగ్గిలం, నూనె మరగబెట్టి పూసేవాళ్లు. చెక్క తన నొప్పి తానే చెప్పేది. ఫైబర్ అట్లా కాదు, లోపల సగం కుళ్లినా పైకి గట్టిగానే కనబడుతుంది.

ఈ ఫైబర్ ముచ్చట మొదలై ఎక్కువ కాలం కాలేదు. గాజును దారంగా తీసి, దాన్ని ప్లాస్టిక్ జిగురులో, అంటే రెజిన్‌లో తడిపి అచ్చులో పోసి పడవ చేయడం రెండో ప్రపంచ యుద్ధ కాలంనాటి ఆలోచన. 1942లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన పాలియెస్టర్ రెజిన్‌తో చిన్న పడవ చేశాడు. మన తీరానికి అది దాదాపు నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలైంది. అలల్లోంచి ఇసుక ఒడ్డుకు నేరుగా వచ్చి ఆగే ఫైబర్ పడవలను ఆ కార్యక్రమంలోనే తయారుచేసి చూశారు. తెప్పలకు పనికొచ్చే దుంగలు కరువవడం అందుకు ఒక కారణం. 2004 సునామీ తర్వాత తూర్పు తీరం పొడుగునా ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. అక్కడ ఊరూరా ఫైబర్ పని తెలిసినవాళ్లు తయారయ్యారు. మన దగ్గర ఆ పని తెలిసినవాళ్లు పడవల దగ్గర దొరకరు. నీళ్ల ట్యాంకులు, తలుపులు, బొమ్మలు పోసే షెడ్డుల్లో దొరుకుతారు. పని వాళ్లకు వచ్చు. బోటు డెక్కు లోపల ఏముంటుందో చెప్పాల్సింది మాత్రం బోటు గలవాళ్లే.

లోపల ఉండేది ఇది. పైన రెండు మూడు మిల్లీమీటర్ల ఫైబర్ పొర, కింద అట్లాంటిదే ఇంకో పొర, నడుమ ప్లైవుడ్. ఖరీదైన బోట్లలో ప్లైవుడ్ బదులు బాల్సా అనే తేలికైన చెక్క ఉంటుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతసేపే డెక్కుకు బలం. నడిమి చెక్క తడిసి పొర విడిపోయిందా, పైపొర ఒక్కటే బరువు మోయాలి, అది మోయలేదు. అప్పుడే అడుగు కింద నేల ఊగుతుంది.

మరి ఫైబర్ లోపలికి నీరెట్లా పోయింది? ఫైబర్‌లోంచి పోలేదు, మనం పెట్టిన రంధ్రాల్లోంచి పోయింది. కడ్డీకి స్క్రూ, కుర్చీకి స్క్రూ, టాపు కాలికి నాలుగు బోల్టులు, తాడు కట్టే కొక్కేనికి రెండు. ప్రతి రంధ్రం చెక్క దాకా దిగుతుంది. చుట్టూ పెట్టిన సీలెంటు ఎండకు పెళుసెక్కి విడిపోతుంది. వాన పడ్డప్పుడల్లా ఒక్కో చుక్క. చెక్కలో తేమ ఇరవై శాతం దాటిందంటే బూజుకు అది చాలు. దానికితోడు వరదలో కట్టకు కట్టేసిన బోటు అటూ ఇటూ గుంజుకుంటే కొక్కెం దగ్గర రంధ్రం వెడల్పవుతుంది. 2022 జులైలో కడెంకు దాదాపు అయిదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ప్రాజెక్టు ఉంటుందా పోతుందా అనిపించింది. అట్లాంటి నీటి ఊపులో కట్టేసిన ఏ బోటుకైనా ముందు దెబ్బ తగిలేది ఆ తాడు కొక్కెం మొదట్లోనే.

కనుక రంగు డబ్బా తెరవకముందు వినాలి. డెక్కు పొడిగా ఉన్నప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ పిడితో జానెడుకొక దెబ్బ చొప్పున తట్టుకుంటూ పోండి. కుండ కొనేముందు వేలితో కొట్టి విన్నట్టే. బాగున్నచోట టక్కుమని గట్టిగా పలుకుతుంది, పాడైనచోట డబ్బుమని చప్పబడుతుంది. చప్పబడ్డ ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీయండి. అన్నీ కలిపితే ఒక ఆకారం వస్తుంది. దాని నడుమన చాలావరకు ఏదో ఒక స్క్రూనో బోల్టో ఉంటుంది. నేరస్థుడు అక్కడే దొరుకుతాడు. గీత బయట ఇంకో నాలుగు అంగుళాలు కలుపుకోండి. తడి చెవికి అందే చోటు దాటి ఇంకొంచెం పాకే ఉంటుంది.

పైన సన్నని జుట్టు లాంటి గీతలు కొన్ని కనిపిస్తాయి. అవన్నీ రోగం కాదు. పై మెరుగుపూతను జెల్ కోట్ అంటారు, మందం అర మిల్లీమీటరు. అది గాజు లేని ఉత్త రెజిన్, అందుకే పగుళ్లు పడుతుంది. సాలెగూడులా ఒకచోటు నుంచి నలువైపులా పోయిన గీతలుంటే మాత్రం అక్కడేదో బరువు పడిందని గుర్తు. దానికింద తప్పకుండా తట్టి చూడాలి.

ఇక కోత. కరీంనగర్‌లో గ్రానైటు పని పుణ్యమా అని గ్రైండరు పట్టడం వచ్చినవాళ్లకు కొదవలేదు. అయితే రాయి కోసే చెయ్యి వేరు, ఇది కోసే చెయ్యి వేరు. చక్రం మూడు మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. కోయాల్సింది పైపొర ఒక్కటే. కిందిపొర తెగితే పని మూడింతలవుతుంది. పైపొరను ముక్కలు చేయకుండా ఒకే రేకుగా లేపితే మళ్లీ దాన్నే అతికించుకోవచ్చు. లేపగానే పుల్లటి వాసన, కషాయం రంగు నీరు, చేత్తో పిండితే ఊడివచ్చే నల్లటి చెక్క. ఉలితో, గీకుడు పలకతో గట్టి చెక్క తగిలేదాకా తీయాలి. ఇక్కడ జాలిపడకూడదు. సగం మెత్తగా ఉన్న చెక్కను పోనీలే అని వదిలితే కొత్త చెక్కకు ఆ బూజు అంటుకుంటుంది.

ఈ దుమ్ము గురించి ఒక మాట. ఫైబర్ నూగు ఒంటికి తగిలితే రెండు రోజులు దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా పెద్ద చిక్కు. నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, మంచి మాస్కు ఉండాలి. మూతికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు. పని కాగానే చన్నీళ్లతో కడుక్కోండి. వేణ్నీళ్లయితే చర్మరంధ్రాలు తెరుచుకుని నూగు లోపలికి దిగుతుందని పనివాళ్లు చెబుతారు.

అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే విసుగైనది ఆరబెట్టడం. కోసి తీసిన గుంత చూడ్డానికి పొడిగా ఉంటుంది, లోపల తడి ఉంటుంది. పొద్దున కోసి సాయంత్రానికి రెజిన్ పోసేద్దామనే తొందర మనలో చాలామందిది. తడి మీద పోసిన రెజిన్ పట్టదు. పట్టినట్టు కనిపించి ఏడాదికి పొరలాగా లేచిపోతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. చుట్టూ మిగిలిన పాత చెక్క అంచు మీద జానెడు పాలిథిన్ కవరు పరిచి, నాలుగు పక్కలా టేపుతో మూసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున కవరు లోపలివైపు చెమట పట్టిందా, ఇంకా తడి ఉన్నట్టే. ఆ చెమట రావడం మానేదాకా ఆగాలి. అది నాలుగు రోజులో పది రోజులో బోటే చెబుతుంది.

మరి ఆ పది రోజులు ఎప్పుడు? పని ఎంత బాగా వచ్చినవాడైనా ఉత్తర తెలంగాణలో ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాలియెస్టర్ రెజిన్‌కు పదిహేను డిగ్రీల కింద గట్టిపడే ఓపిక ఉండదు. పుష్యమాసంలో ఆదిలాబాదు వైపు రాత్రి పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. అక్కడ సాయంత్రం వేసిన పూత పొద్దుటికి జిగటగానే ఉంటుంది, పైగా మంచు కురుస్తుంది. సరే, ఎండాకాలం చేద్దాం, నీళ్లు తగ్గి బోటు ఒడ్డునే ఉంటుంది కదా అంటారు. రామగుండంలో నలభై అయిదు దాటిన మధ్యాహ్నం రెజిన్ కలిపి చూడండి. బ్రష్ ముంచేలోగా డబ్బాలో ముద్దయి, పొగ లేస్తుంది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, రెజిన్ సంగతి చెప్పేదేముంది. వానకాలం ఊసే వద్దు. ఇక మిగిలింది మాఘం చివర, ఫాల్గుణం. చలి పోయి, ఎండ ఇంకా ముదరని ఆ ఆరేడు వారాలు. గాలి పొడిగా ఉంటుంది, ఆరడమూ తొందరగా అవుతుంది.  ఆ కాలం తప్పిపోయి వేసవిలోనే చేయాల్సి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిదికల్లా రెజిన్ పని ముగించండి. నీడ పందిరి తప్పకుండా వేయండి, ఎందుకంటే ఎండలో డెక్కు గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కి ఉంటుంది.

రెజిన్‌ను గట్టిపరచే మందు ఎమ్‌ఈకేపీ. కొట్లో హార్డనర్ అని అడిగితే ఇస్తారు. కిలో రెజిన్‌కు పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు. ఎండ ఎక్కువగా ఉందని చాలామంది అయిదుకు తగ్గిస్తారు. అది తప్పు. మరీ తగ్గిస్తే రెజిన్ పైకి గట్టిపడి లోపల ఎప్పటికీ పచ్చిగానే ఉండిపోతుంది. మందు తగ్గించకుండా ఒకేసారి కలిపే రెజిన్ తగ్గించుకోండి. పావుకిలో చొప్పున, లోతు డబ్బాలో కాక వెడల్పు పళ్లెంలో కలిపితే వేడి తొందరగా చెదిరిపోతుంది. రెజిన్ తొందరగా గట్టిపడేట్టు చేసే కోబాల్ట్ మందు అందులో ముందే కలిపి ఉందా లేదా కొట్లో అడిగి తెలుసుకోండి. లేదంటే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే ఎమ్‌ఈకేపీ కలపాలి. కోబాల్ట్, ఎమ్‌ఈకేపీ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయొద్దు. భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. అవి ఉన్న సీసాలను పక్కపక్కన కూడా పెట్టకండి. ఎమ్‌ఈకేపీ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. పడిన క్షణమే పావుగంట ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. బీడీ, సిగరెట్ ఆ చుట్టుపక్కల ఉండొద్దు.

కొత్త చెక్కకు ఇంటి అలమారల ప్లైవుడ్ పనికిరాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. డెబ్బై రెండు గంటలు నీళ్లలో ఉడికించినా పొరల జిగురు ఊడకూడదని దాని ప్రమాణం. డెక్కు నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉంటుంది గనుక పెద్ద ముక్క కూర్చోదు. చిన్న పలకలుగా కోసి ఆ వంపుకు తగ్గట్టు పేర్చాలి. ప్రతి పలకకూ నాలుగు అంచులతో సహా రెజిన్ పట్టించాలి. నీరు తాగేది అంచులే, మనం మరిచేదీ అంచులే. కింద రెజిన్‌లో తడిపిన గాజునార గుడ్డ, అంటే మ్యాట్ పరిచి, దానిమీద పలకలు నొక్కి, పాలిథిన్ కప్పి బరువు పెట్టాలి. కరీంనగర్‌లో గ్రానైటు ముక్కలకు కరువా! చెక్కను అతికించడానికి పాలియెస్టర్ కంటే ఎపాక్సీ గట్టిది, మనకు అరల్డైట్‌గా తెలిసిన జాతి అది. ఖరీదు ఎక్కువ. ఎపాక్సీ వాడితే దానిమీద మళ్లీ పాలియెస్టర్ జెల్ కోట్ సరిగా పట్టదు, పైన పాలీయురెథేన్ రంగు వేసుకోవాలి. ఏది వాడతారో ముందే నిర్ణయించుకోండి, నడుమ మార్చొద్దు.

పైపొర అతికేటప్పుడు పాత ఫైబర్ అంచును వాలుగా గీకాలి. మందానికి పన్నెండింతల వాలు, అంటే మూడు మిల్లీమీటర్ల పొరకు ముప్పై ఆరు మిల్లీమీటర్లు. నిటారు అంచుకు కొత్త గుడ్డ ఆనించి అతికితే ఆ గీత వెంబడే మళ్లీ పగులుతుంది. అసిటోన్‌తో తుడిచి, మ్యాట్ పొర మీద పొర వేస్తూ, ఇనుప రోలరుతో గాలి బుడగలు బయటికి తోసేయాలి. తెల్లగా కనిపించినచోట రెజిన్ అందలేదని అర్థం.

అతికాక నునుపు చేయడం. ఇది రాసినంత తేలిక కాదు, చెప్పినంత కష్టమూ కాదు. దీన్ని చూడాలంటే నిర్మల్ పోవాలి. అక్కడ బొమ్మల పనివాళ్లు పొనికి కర్రను చెక్కాక చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతుకులు, గుంటలు పూడుస్తారు. ఆరనిస్తారు, రుద్దుతారు, తెల్లసుద్ద పూస్తారు, మళ్లీ రుద్దుతారు. రంగు వేయడం ఆ పనిలో చివరి చిన్న వంతు. డెక్కు పనీ అంతే. పుట్టీ పెట్టి, ఎనభై నంబరు ఎమరీ కాగితంతో మొదలై నూట ఇరవై, రెండు వందల ఇరవై దాకా రుద్దాలి. చేత్తో కాక చదునైన కర్రముక్కకు కాగితం చుట్టి రుద్దితేనే ఎత్తుపల్లాలు పోతాయి.

పై పూతకు ముదురు రంగు వద్దు. నీలం మీద మనవాళ్లకు మోజు. ఏప్రిల్‌లో వట్టికాళ్లతో ఎక్కిన పిల్లలు ఎగిరి దూకుతారు. తెలుపు, లేత బూడిద, లేత మీగడ రంగు మేలు. జెల్ కోటే వేస్తే గాలి తగిలే పూత కాబట్టి మైనం కలిపినది అడగాలి, లేకుంటే పైన జిగట వదలదు. నడిచే చోట జారకుండా తడి పూత మీద ఇసుక చల్లుతారు. మానేరు ఇసుకకు పేరుంది కదా అని తెచ్చి అలాగే చల్లకండి. అందులో మన్ను, అభ్రకం ఉంటాయి. కడిగి, ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టి చల్లండి. ఆరాక మిగిలింది ఊడ్చేసి పైన ఇంకో పూత వేయండి.

ఇప్పుడు మళ్లీ ఆ స్క్రూలు. పాత రంధ్రాల్లోనే బిగించేసి చేతులు దులుపుకోవద్దు. స్క్రూ కంటే రెండింతల వెడల్పు రంధ్రం పెట్టి, కింది పొరకు తగలకుండా నడిమి చెక్కను తొలిచి, ఎపాక్సీతో నిండా పూడ్చి, గట్టిపడ్డాక దాని నడుమన కొత్త రంధ్రం చేయండి. ఇక సీలెంటు పోయినా నీరు ఎపాక్సీని తగిలి ఆగుతుంది, చెక్కను చేరదు. నా లెక్కలో మొత్తం మరమ్మతులో ఎక్కువ కాలం నిలిచే పని ఇదే. అందరూ వదిలేసే పనీ ఇదే, ఎందుకంటే పైకి కనిపించదు, దీనికి ఎవరూ మెచ్చుకోరు.

వారం రోజులు వదిలేశాక డెక్కు మీద బిందెలతో నీళ్లు పోయించి, ఒకరు లోపలికి దూరి ప్రతి బోల్టు కిందా పొడి గుడ్డతో ఒత్తి చూడాలి. ఎక్కడ చెమ్మ తగిలినా ఆ ఒక్క బోల్టు తీసి మళ్లీ చేయాలి. తర్వాత డెక్కంతా పిడితో తట్టాలి. ఇంజనుతో నడిచే బోటుకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం (ఇన్‌లాండ్ వెసల్స్ యాక్ట్) కింద తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలి. డెక్కు కోసి కట్టిన బోటును తనిఖీ చేసే అధికారికి చూపించాకే జనాన్ని ఎక్కించండి. కోసినప్పుడు, చెక్క పెట్టినప్పుడు, పొర వేసినప్పుడు ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకుంటే పూత కింద ఏముందో ఆయనకు చూపించడం తేలిక. ఎంతమందిని ఎక్కించొచ్చో రాసిన పాత బోర్డు రంగు కింద పడి కనిపించకుండా పోతే, మృగశిర లోపల మళ్లీ రాయించండి.